ఫ్యామిలీ మెడిసిన్ హాస్పిటల్ రొటేషన్ (అమెరికా): ఇంటర్న్ నుంచి అసలు ఏం ఆశిస్తారు?

గోదావరి_గట్టు
అందరికీ నమస్కారం. జులై 1న అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీలో ఇంటర్న్‌గా (మొదటి ఏడు రెసిడెంట్‌గా) చేరుతున్నాను. మొదటి బ్లాకే హాస్పిటల్ సర్వీసు, నాలుగు వారాలు. ప్రోగ్రాం వాళ్ళు పంపిన హ్యాండ్‌బుక్‌లో వృత్తి ధర్మం, పర్యవేక్షణ అంటూ పెద్ద మాటలే ఉన్నాయి గానీ రోజువారీ పని గురించి ఏమీ లేదు. పొద్దున ఎన్నింటికి వెళ్ళాలి, ఎంతమందిని చూడాలి, పైవాళ్ళని ఎప్పుడు పిలవాలి, దేన్ని చూసి మనల్ని అంచనా వేస్తారు? మన హౌస్ సర్జన్సీ అలవాట్లలో అక్కడ ఏవి పనికిరావో కూడా తెలిసినవాళ్ళు చెప్పగలరు.

తెనాలి_అటెండింగ్
ముందు లెక్క చెబుతాను, అప్పుడు మిగతాది అర్థమవుతుంది. రెసిడెన్సీ మొత్తం 36 నెలలు. అందులో హాస్పిటల్లో చేరిన పెద్దల వైద్యానికి కనీసం 600 గంటలు లేదా ఆరు నెలలు, దాంతోపాటు 750 పేషెంట్ ఎన్‌కౌంటర్లు (పేషెంట్‌ని చూసిన సందర్భాలు) ఉండాలని ఏసీజీఎంఈ (అక్కడి రెసిడెన్సీలకి గుర్తింపునిచ్చే సంస్థ) నిబంధన. ఐసీయూ అనుభవం కూడా ఉండాలి. కాబట్టి మీ మొదటి నాలుగు వారాలు ఈ మొత్తంలో ఒక ముక్క. అన్నీ ఇప్పుడే వచ్చి తీరాలని ఎవరూ అనుకోరు.

అమెరికాలో చాలామంది అటెండింగ్‌ల (రెసిడెంట్ల పనికి బాధ్యత వహించే పెద్ద డాక్టర్ల) మనసులో ఉండే కొలబద్ద 'రైమ్'. 1999లో పంగారో ప్రతిపాదించాడు: రిపోర్టర్, ఇంటర్‌ప్రిటర్, మేనేజర్, ఎడ్యుకేటర్. జులై ఇంటర్న్ నుంచి మేం కోరేది నమ్మదగ్గ రిపోర్టర్‌ని. పేషెంట్‌కి రాత్రి ఏం జరిగింది, ఈ పూట అంకెలేమిటి, పరీక్షలో ఏం కనిపించింది, ఇవి తప్పు లేకుండా చెప్పగలగాలి. శీతాకాలానికి ఆ అంకెలకి అర్థం చెప్పాలి. రెండో ఏడు ప్లాన్ నడపాలి. మూడో ఏడు టీంని నడిపి, కిందివాళ్ళకి నేర్పాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. చూడనిదాన్ని చూసినట్టు రాయడం, చెప్పడం ఏ దశలోనూ క్షమించరు. "కాళ్ళ వాపు చూడలేదు సార్, ఇప్పుడే చూసొస్తాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. చూడకుండా "వాపు లేదు" అన్నారనుకోండి, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటనీ మేం మళ్ళీ సరిచూసుకోవలసి వస్తుంది.

నల్గొండ_నైట్‌ఫ్లోట్
రోజు ఎట్ల నడుస్తదో నేను రాస్త. టైములు ప్రోగ్రాంని బట్టి అటూ ఇటూ ఉంటయి, వరస మాత్రం దాదాపు అంతటా ఇదే.

ఆరింటికో ఆరున్నరకో నైట్ టీం నుంచి సైన్‌అవుట్ (పేషెంట్లని అప్పజెప్పుడు). అక్కడ్నుంచి ఎనిమిది దాకా ప్రీ-రౌండ్స్, అంటే రౌండ్స్‌కి ముందు నీ పేషెంట్లని నువ్వే చూసుకునుడు. ఎనిమిదిన్నరకి అటెండింగ్‌తో రౌండ్స్, పదకొండు దాకా. మధ్యాహ్నం లెక్చర్. తర్వాత నోట్లు, కన్సల్ట్ ఫోన్లు, కొత్త అడ్మిషన్లు. సాయంత్రం ఆరు ప్రాంతంల నైట్ వాళ్ళకి అప్పజెప్పుడు. వారంల ఒక పూటో రెండు పూటలో మీ సొంత క్లినిక్ కూడా ఉంటది, హాస్పిటల్ బ్లాక్ అని అది ఆగదు. ఆ పూట మీ పేషెంట్లని ఎవరు చూస్తరో ముందు రోజే సీనియర్ (పై ఏడు రెసిడెంట్) తోని మాట్లాడి పెట్టుకో.

ప్రీ-రౌండ్స్‌ల చాలామంది నేరుగా ల్యాబ్‌ల మీద పడతరు. అట్ల చెయ్యొద్దు తమ్మీ. ముందు రాత్రి నర్సుని కలువు. ఏడుకి వాళ్ళ షిఫ్ట్ మారుతది, ఆలోపే దొరుకుతరు. రాత్రి పేషెంట్ నిద్రపోయిండా, అయోమయంగ మాట్లాడిండా, ఎన్నిసార్లు నొప్పి మందు అడిగిండు, ఇవన్నీ వాళ్ళకే తెలుస్తయి. తర్వాత కంప్యూటర్ల 24 గంటల వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం, ఆక్సిజన్) చూడు. చివరి అంకె ఒక్కటే కాదు, ఎక్కువ ఎంత తక్కువ ఎంత కావాలె. ఆక్సిజన్ 95 శాతం అని రాసి ఊకుంటే లాభం లేదు, ఎన్ని లీటర్ల మీద 95 అన్నది రాయాలె. తాగింది, పోసింది, బరువు. మందుల రికార్డుల అవసరాన్ని బట్టి ఇచ్చే మందులు ఎన్నిసార్లు పోయినయి, ఏ డోసు పట్టుకున్నరు, ఎందుకు. కల్చర్లు. ఇదంతా ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. ఆ తర్వాత మనిషి దగ్గరికి పోయి పరీక్ష చెయ్యి. మొదటి వారం నలుగురికి గంటన్నర పడితే గాబరా పడకు.

గోదావరి_గట్టు
ధన్యవాదాలు అన్నా. మొత్తం ఎంతమందిని ఇస్తారు? పరిమితి ఏమైనా ఉందా?

నల్గొండ_నైట్‌ఫ్లోట్
ఇది ప్రోగ్రాం పెట్టుకునే సంఖ్య, అక్కడ చేరినంక అడిగి తెలుసుకో. మామూలుగ మొదటి వారం మూడు నుంచి ఐదుగురు, బ్లాక్ చివరికి ఏడెనిమిది. సంఖ్య పెంచమని నువ్వే అడిగితే మంచిగ చూస్తరు, కానీ ఉన్నవాళ్ళ నోట్లు మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతున్నప్పుడే అడుగు.

తెనాలి_అటెండింగ్
రౌండ్స్‌లో చెప్పే తీరు గురించి కొంచెం. కొత్త పేషెంట్‌కి ఐదు నుంచి ఏడు నిమిషాలు, పాత పేషెంట్‌కి రెండు, మూడు. మొదటి వాక్యంలోనే మనిషి, ఎన్నో రోజు, ఎందుకు, మెరుగా దిగజారుడా వచ్చేయాలి. ఉదాహరణకి: "గుండె వైఫల్యం ముదిరి చేరిన 68 ఏళ్ళ ఆవిడ, మూడో రోజు, నిన్నటి కంటే కిలోన్నర తగ్గింది, ఆక్సిజన్ నాలుగు లీటర్ల నుంచి ఒకటికి వచ్చింది." ఇంతవరకు వినగానే ఏం అడగాలో నాకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత సమస్యల వారీగా వెళ్ళండి. ఒక్కో సమస్యకి మూడు మాటలు కావాలి: ఇప్పుడు ఎలా ఉంది, ఎందుకని మీరనుకుంటున్నారు, ఈ రోజు ఏం చేద్దామంటున్నారు. ఐఎంజీలలో (బయటి దేశాల్లో చదివి వచ్చిన డాక్టర్లలో) నేను తరచూ చూసే లోపం ఈ మూడో మాట మింగేయడం. పెద్దవాళ్ళ ముందు సొంత అభిప్రాయం చెప్పడం మర్యాద కాదన్న పెంపకం మనది. ఇక్కడ దాన్ని మర్యాద అనుకోరు, చదవలేదనుకుంటారు. "ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీరు దించే మందు) ఇంకో రోజు నరంలోనే ఇద్దామనుకుంటున్నాను, ఎందుకంటే మెడ సిర ఇంకా పొంగే ఉంది" అని చెప్పండి. తప్పయితే సరిదిద్దుతాం, మాకు జీతం ఇచ్చేది అందుకే.

విజయవాడ_పీజీవై2
సార్, చిన్న అభ్యంతరం. సమస్యల వారీగా చెప్పడం వార్డులో బాగుంటుంది, కానీ ఐసీయూ నుంచి దిగిన మనిషికి, అవయవ వ్యవస్థల వారీగా చెబితేనే ఏదీ జారిపోదు. మెదడు, ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు, పేగు, ఇన్‌ఫెక్షన్, రక్తం, చక్కెర. చివర్లో గొట్టాలు, లైన్లు. ఇంటర్న్‌కి అలా ఒక చట్రం ఉంటే మేలు కదా.

తెనాలి_అటెండింగ్
మొదటి రోజు వరకు ఒప్పుకుంటాను. రెండో రోజు నుంచి సమస్యల్లోకి మారాలి. వ్యవస్థల వారీగా అలవాటు పడితే క్రియాటినిన్ (మూత్రపిండాల పనిని చూపే రక్త పరీక్ష) పెరుగుదల మూత్రపిండాల కింద, వాటిని దెబ్బతీయగల యాంటిబయాటిక్ వాంకోమైసిన్ ఇన్‌ఫెక్షన్ కింద విడిపోతాయి, ఆ రెంటికీ ఉన్న సంబంధం ఎవరూ పలకరు. లైన్ల విషయం మాత్రం మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. మూత్రానికి పెట్టిన ఫోలీ గొట్టం ఎన్నో రోజు, ఇంకా ఎందుకుంది అన్నది రోజూ పైకి చెప్పాలి. చెప్పకపోతే అది అలాగే ఉండిపోయి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది.

ఫార్మసీ_గుంటూరు
క్లినికల్ ఫార్మసిస్ట్‌గా ఆర్డర్ల సంగతి నేను రాస్తాను. మనవాళ్ళు కొత్తలో తడబడేది ఎక్కువగా ఇక్కడే.

మొదట రాత అలవాట్లు. మన దగ్గర 'ఓడీ' అంటే రోజుకోసారి. ఇక్కడ అది కుడి కన్ను. '1-0-1' (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) అని రాస్తే ఎవరికీ బోధపడదు. 'ఎస్‌ఓఎస్' బదులు 'పీఆర్‌ఎన్' (అవసరమైతేనే) వాడాలి, పైగా దేనికోసమో కారణం రాయకపోతే ఆ ఆర్డర్ చెల్లదు. యూనిట్ అనే మాటని ఒక్క అక్షరంగా కుదించకూడదు, సున్నాలా కనబడి పది రెట్ల ఇన్సులిన్ వెళ్ళిపోతుంది. 5 అని రాయాలి, 5.0 కాదు. 0.5 అని రాయాలి, చుక్కతో మొదలుపెట్టకూడదు. కుదింపులు, సున్నాల విషయంలో ఈ నిషేధాలు జాయింట్ కమిషన్ (ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే సంస్థ) జాబితాలో ఉన్నవే. కంప్యూటర్ ఆర్డర్లలో చాలావరకు అడ్డుపడుతుంది గానీ నోట్‌లో, చేత్తో రాసే సైన్‌అవుట్‌లో దొర్లుతూనే ఉంటాయి. పేర్లు కూడా చూసుకోండి: పారాసిటమాల్ ఇక్కడ అసెటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, లిగ్నోకైన్ లిడోకైన్, పెథిడిన్ మెపెరిడిన్.

చేరిన ప్రతి పేషెంట్‌కి పాంటాప్రజోల్, సెలైన్ పెట్టేసే అలవాటు మానాలి. ఐసీయూ బయట, జబ్బు ఒత్తిడి వల్ల కడుపులో వచ్చే పుండ్ల నివారణకి యాసిడ్ మందు సాధారణంగా అవసరం లేదు, పైగా క్లాస్ట్రిడియం డిఫిసీల్ అనే పేగు ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. నోటితో తాగగలిగే మనిషికి కారణం లేకుండా ద్రవాలెక్కిస్తే మూడో రోజుకి దాన్ని దించడానికి ఫ్యూరోసెమైడ్ రాయాల్సి వస్తుంది.

ఇక రోజూ అడిగే నాలుగు అంకెలు. రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ రోజుకి 40 మిల్లీగ్రాములు చర్మం కింద. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 కంటే తక్కువైతే 30 మిల్లీగ్రాములు, లేదా హెపారిన్ 5000 యూనిట్లు ఎనిమిది లేక పన్నెండు గంటలకోసారి. పొటాషియం 10 మిల్లీ ఈక్వివలెంట్లు ఇస్తే సుమారు 0.1 పెరుగుతుంది. చేతి నరంలో గంటకి 10 దాటించకండి. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఎంత పొటాషియం పోసినా నిలవదు, రెండూ కలిపి చూడండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకి లెక్కలో సగంతో మొదలు.

ఇన్సులిన్‌లో స్లైడింగ్ స్కేల్ (అప్పటి చక్కెర అంకెని బట్టి డోసు) ఒక్కటే పెట్టి వదిలేయడం ఇంటర్న్‌ల నోట్లలో ఎక్కువగా కనిపించే తప్పు. చక్కెర పెరిగాక వెంటపడటమే తప్ప పెరగకుండా ఆపేది అందులో లేదు. ముసలివాళ్ళకి, మూత్రపిండాలు బాగాలేనివాళ్ళకి కిలోకి రోజుకి 0.2 నుంచి 0.3 యూనిట్లతో మొదలుపెట్టండి. 70 కిలోల మనిషికి 14 నుంచి 21 యూనిట్లవుతాయి. అందులో సగం బేసల్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్), మిగతా సగం మూడు భోజనాలకి పంచండి. తినకపోతే భోజనం డోసు ఆపాలి, బేసల్ పూర్తిగా ఆపకూడదు. టైప్ 1 వాళ్ళకి బేసల్ ఆపితే తెల్లారేసరికి కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాద స్థితి). గురి చాలామందికి 140 నుంచి 180. ఒక్కసారి 70 కిందికి పడినా ఆ రోజే డోసు మార్చాలి, రేపటికి వాయిదా వేయకండి.

విజయవాడ_పీజీవై2
గుంటూరు అక్క రాసినదానికి తోడు, ఇంట్లో వాడే మందుల జాబితా సరిచూసే పని ఇంటర్న్‌దే. మందుల సీసాలు, ఫార్మసీ రికార్డు, ఇంట్లోవాళ్ళ మాట, ఈ మూడింటిలో కనీసం రెండు కలవాలి. పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు చేరినప్పుడు ఇక్కడి సిస్టంలో ఆ బ్రాండ్లు దొరకవు. అప్పుడు టీంలో తెలుగు డాక్టర్ ఉంటే చాలా ఉపయోగం.

ఫార్మసీ_గుంటూరు
అవునమ్మా, ఈ మాట ఎత్తినందుకు సంతోషం. కొన్ని రాస్తాను, దాచుకోండి. గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ ఉంది. మెట్‌ఫార్మిన్ ఆపాం కదా అనుకుంటే చాలదు, మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషిలో ఆ గ్లిమెపిరైడ్ వల్ల చక్కెర ఒకటి రెండు రోజుల దాకా మళ్ళీ మళ్ళీ పడిపోవచ్చు. ఎకోస్ప్రిన్ ఏవీలో యాస్పిరిన్‌తో అటోర్వాస్టాటిన్ కలిసి ఉంటుంది, గమనించకపోతే స్టాటిన్ రెండుసార్లు పడుతుంది. టెల్మా హెచ్‌లో టెల్మిసార్టన్‌కి హైడ్రోక్లోరోథయజైడ్ తోడు. సోడియం తగ్గి చేరిన ముసలావిడ విషయంలో ఆ ఒక్క 'హెచ్' అసలు కారణం కావచ్చు. పాన్-డిలో డోంపెరిడోన్ ఉంది. దానికి అమెరికాలో ఆమోదం లేదు, క్యూటీ (ఈసీజీలో కనిపించే ఒక వ్యవధి, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది) పెంచుతుంది, కాబట్టి దాన్నే పెంచే వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చే ముందు ఈసీజీ చూడండి. డయామైక్రాన్ అంటే గ్లిక్లజైడ్, సిలకార్ అంటే సిల్నిడిపిన్, రెండూ ఇక్కడ దొరకవు, సమానమైనది ఎంచుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది అసిట్రోం. అది రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ జాతిదే గానీ వార్ఫరిన్ కాదు. శరీరంలో తక్కువ సేపు ఉంటుంది, మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము మార్చకూడదు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే అంకె) చూసి ఫార్మసీతో మాట్లాడాకే మార్చండి. వాల్వు మార్పించుకున్నవాళ్ళు ఇది వాడుతుండవచ్చు, పేరు తెలియక రాయకుండా వదిలేస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది. నొప్పికి ఏం వేసుకుంటారని కూడా విడిగా అడగండి. జీరోడాల్, నైస్ లాంటివి చాలామంది మందుల కింద లెక్కేయరు, క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో అక్కడే దొరుకుతుంది.

కరీంనగర్_కాల్
రాత్రి కాల్ గురించి ఎవరూ రాయలేదు. పేజర్ మోగితే మొదటి ప్రశ్న "వైటల్స్ ఎంత?" రెండోది "నిన్నటికీ ఇప్పటికీ ఏం మారింది?" సందేహముంటే ఫోన్‌లో ఆర్డర్ ఇవ్వకుండా మంచం దగ్గరికి నడవాలె. ఛాతీ నొప్పి, కొత్తగ ఆక్సిజన్ అవసరం, బీపీ 90 లోపు, గుండె వేగం 130 పైన, కొత్త అయోమయం, కింద పడుడు, ఈ ఆరింటికి ఎప్పుడైనా సరే పోయి చూడాల్సిందే. చూసినంక రెండు మూడు వరుసల నోట్ రాయి. రాయకపోతే పొద్దున టీంకి రాత్రి ఏం జరిగిందో అర్థం కాదు.

రాత్రి పెద్దవాళ్ళు గొడవ చేస్తున్నరని ఫోన్ వస్తే లొరాజెపామ్ (మత్తునిచ్చే మందు) రాసి పడుకోవద్దు. డెలీరియం (హఠాత్తుగ వచ్చే అయోమయం) ఇంకా ముదురుతది. మూత్రం ఆగిందా, మలబద్ధకమా, నొప్పా, ఆక్సిజన్ తగ్గిందా, కొత్త మందేదన్న మొదలైందా అని చూడాలె. కళ్ళద్దాలు, వినికిడి మిషన్ పెట్టినరా కూడా అడుగు. మందు మానేసిన తాగుబోతుల విత్‌డ్రాయల్ వేరే సంగతి, అక్కడ బెంజోడయజెపీన్ (లొరాజెపామ్ జాతి మందు) కావాల్సిందే, విత్‌డ్రాయల్ తీవ్రతని కొలిచే సీఐడబ్ల్యూఏ స్కోరుతో ఇస్తరు, థయామిన్ (విటమిన్ బి1) మరవద్దు.

సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినుడు) అనుమానముంటే వరస ఇది: రక్తంల లాక్టేట్ పరీక్ష, యాంటిబయాటిక్ కంటే ముందు బ్లడ్ కల్చర్లు, యాంటిబయాటిక్. బీపీ పడిపోయినా లాక్టేట్ 4 ఉన్నా దాటినా మూడు గంటల్లోపు కిలోకి 30 మిల్లీలీటర్ల ద్రవం, అంటే 70 కిలోల మనిషికి 2100. మొదటి లాక్టేట్ 2 దాటితే మళ్ళీ తీయాలె. కల్చర్ సూది దొరకట్లేదని యాంటిబయాటిక్ గంట ఆలస్యం చేయొద్దు.

గోదావరి_గట్టు
రాత్రిపూట ముందు సీనియర్‌ని లేపాలా, నేరుగా అటెండింగ్‌కా? ఏ విషయాలకి?

కరీంనగర్_కాల్
ముందు సీనియరే. ఎల్లప్పుడూ.

తెనాలి_అటెండింగ్
ఎల్లప్పుడూ అన్న మాట దగ్గరే నేను విభేదిస్తాను. మామూలుగా ఇంటర్న్, సీనియర్, అటెండింగ్ అనే వరస సరైనదే. కానీ సీనియర్ పది నిమిషాల్లో దొరకకపోయినా, సీనియర్ మాటతో మీకు భయం తీరకపోయినా నేరుగా నాకు ఫోన్ చేయండి. అది ఫిర్యాదు కింద రాదు.

నాకు తప్పనిసరిగా తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, ప్రతి ప్రోగ్రాంలోనూ ఇలాంటి జాబితా రాతపూర్వకంగా ఉండాలి: ఐసీయూకి మార్పు, ర్యాపిడ్ రెస్పాన్స్ (పరిస్థితి విషమించి అత్యవసర టీంని పిలవడం), మరణం, కోడ్ స్టేటస్ (గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయాలా వద్దా అన్న నిర్ణయం) మార్పు, వైద్య సలహాకి వ్యతిరేకంగా వెళ్ళిపోతానన్న పేషెంట్, అత్యవసర సర్జరీ లేదా ప్రొసీజర్, తీవ్రమైన మందుల పొరపాటు. మొదటి రోజే ఆ జాబితా అడిగి తీసుకోండి. ఫోన్‌లో మొదటి వాక్యంలోనే నా నుంచి ఏం కావాలో చెప్పండి: "మీరు వచ్చి చూడాలి" అనో, "ఐసీయూకి పంపడానికి ఒప్పుకుంటారా" అనో. కథంతా చెప్పి చివర్లో అడిగితే నిద్రలో ఉన్న మనిషికి సగం అందదు.

కరీంనగర్_కాల్
ఒప్పుకుంటున్న సార్. సీనియర్ దొరకనప్పుడు ఏం చేయాలన్నది నా మాటల లేదు, అది చేర్చాల్సిందే.

విజయవాడ_పీజీవై2
సైన్‌అవుట్‌కి ఐ-పాస్ చాలాచోట్ల వాడతారు: జబ్బు తీవ్రత, క్లుప్తంగా పేషెంట్ సంగతి, చేయాల్సిన పనులు, ఏం జరగొచ్చు జరిగితే ఏం చేయాలి, చివరికి విన్నవాళ్ళు తిరిగి చెప్పడం. 2014లో తొమ్మిది ఆసుపత్రుల పీడియాట్రిక్ రెసిడెన్సీలలో చేసిన అధ్యయనంలో దీనివల్ల వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయి.

నాలుగోదాన్ని సరిగా రాసేవాళ్ళు తక్కువ. "హెచ్‌బీ (హిమోగ్లోబిన్) చూడు" అని రాస్తే పనికిరాదు. "రాత్రి పదింటికి హెచ్‌బీ వస్తుంది, 7 కంటే తక్కువైతే ఒక యూనిట్ ఎక్కించు, సమ్మతి తీసుకున్నాం, రక్తం సిద్ధంగా ఉంది, మలంలో మళ్ళీ నలుపు కనిపిస్తే గ్యాస్ట్రో వాళ్ళని పిలువు" అని రాయాలి. అవతలివాళ్ళు మీ పేషెంట్‌ని ఎప్పుడూ చూడలేదని గుర్తుపెట్టుకుని రాయండి.

డిశ్చార్జి_డెస్క్
నేను డిశ్చార్జి, బీమా ఏర్పాట్లు చూసే కేస్ మేనేజ్‌మెంట్‌లో పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు. అయినా ఇంటర్న్‌లు ఈ నాలుగు విషయాలు తెలుసుకుంటే పేషెంట్లకి ఎంతో మేలని రాస్తున్నాను.

డిశ్చార్జి ఆలోచన అడ్మిషన్ రోజే మొదలవ్వాలి. ఇంట్లో మెట్లున్నాయా, ఎవరు చూసుకుంటారు, ముందు ఎలా నడిచేవారు అని మొదటి నోట్‌లోనే రాయండి. ఫిజికల్ థెరపీ వాళ్ళని మొదటి, రెండో రోజే పిలవండి. శుక్రవారం మధ్యాహ్నం పిలిస్తే ఆ మనిషి సోమవారం దాకా మంచం మీదే.

ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అన్నది చాలా ముఖ్యం. 2013 అక్టోబర్ నుంచి మెడికేర్‌లో (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ బీమాలో) రెండు అర్ధరాత్రుల నిబంధన ఉంది. కనీసం రెండు అర్ధరాత్రులు హాస్పిటల్ వైద్యం అవసరమని డాక్టర్ కారణంతో సహా రాస్తేనే ఇన్‌పేషెంట్ కింద నిలబడుతుంది. అబ్జర్వేషన్ అంటే ఎన్ని రోజులు మంచం మీదున్నా అవుట్‌పేషెంటే. సాంప్రదాయ మెడికేర్‌లో స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ (హాస్పిటల్ తర్వాత నర్సింగ్, రిహాబ్ ఇచ్చే కేంద్రం) ఖర్చు రావాలంటే వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి, అబ్జర్వేషన్ రోజులు లెక్కలోకి రావు. ఇది తెలియక "రేపు రిహాబ్‌కి పంపుతాం" అని కుటుంబానికి మాటిచ్చేస్తారు, తర్వాత వేల డాలర్ల బిల్లు వాళ్ళ చేతికొస్తుంది. మాట ఇచ్చే ముందు మమ్మల్ని అడగండి.

ఇంటికెళ్ళాక ట్రాన్సిషనల్ కేర్‌కి లెక్క ఉంది: రెండు పనిదినాల్లోపు ఫోన్, క్లిష్టత ఎక్కువైతే ఏడు రోజుల్లో, మధ్యస్థమైతే పద్నాలుగు రోజుల్లో క్లినిక్ విజిట్. ఫ్యామిలీ మెడిసిన్ టీం బలమే ఇది. పేషెంట్ మీ క్లినిక్ మనిషే అయితే ఆ అపాయింట్‌మెంట్ తేదీ, సమయం డిశ్చార్జి కాగితం మీద ఉండాలి. "వారంలో డాక్టర్‌ని కలవండి" అని రాసిన కాగితాలతో ఎవరూ ఎవరినీ కలవరు.

తెనాలి_అటెండింగ్
చాలా విలువైన పోస్టు. డిశ్చార్జి సమ్మరీ గురించి ఒకటి కలుపుతాను. అది అదే రోజు పూర్తవ్వాలి. కొత్తగా మొదలైన మందులు, ఆపినవి, మార్చినవి కారణంతో సహా రాయాలి. ఇంకా రాని రిపోర్టులు, వాటిని ఎవరు చూస్తారు అన్నది కూడా. సీటీలో అనుకోకుండా కనిపించిన ఊపిరితిత్తి గడ్డలాంటివి ఈ సమ్మరీల్లోనే తప్పిపోతుంటాయి. గుండె వైఫల్యంతో వచ్చినవాళ్ళకైతే ఇంటికెళ్ళే రోజు బరువు తప్పనిసరి. క్లినిక్‌లో ఆ అంకె లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఫ్యూరోసెమైడ్ డోసు గురించి కూడా ఇక్కడే. ఇంట్లో రోజుకి 80 మిల్లీగ్రాములు మింగే మనిషికి హాస్పిటల్లో 20 నరంలో రాసే ఇంటర్న్‌లు ఉన్నారు. రోజు మొత్తానికి కనీసం 80, అవసరమైతే రెండున్నర రెట్ల దాకా, రెండు భాగాలుగా. మొదటి ఆరు గంటల్లో గంటకి 100 నుంచి 150 మిల్లీలీటర్ల మూత్రం రాకపోతే డోసు రెట్టింపు చేయాలి. మరుసటి పొద్దున రౌండ్స్ దాకా ఆగితే ఒక రోజు వృథా.

గోదావరి_గట్టు
డ్యూటీ గంటల సంగతి? నిజాయితీగా లాగ్ చేస్తే ఇబ్బంది అవుతుందని కొందరు భయపెడుతున్నారు.

నల్గొండ_నైట్‌ఫ్లోట్
నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు. ఏడు రోజులకి ఒక రోజు సెలవు, అదీ నాలుగు వారాల సగటే. ఒక్క షిఫ్ట్ 24 గంటలు, అప్పజెప్పుడు లాంటి పనులకి ఇంకో నాలుగు దాకా, ఆ నాలుగు గంటల్ల కొత్త పేషెంట్‌ని తీసుకోవద్దు. 24 గంటల కాల్ తర్వాత 14 గంటల విరామం. ఇంటికి పోయి నోట్లు రాసినా, రాత్రి ఫోన్‌ల పేషెంట్ గురించి మాట్లాడినా ఆ సమయం కూడా లెక్కలోకే వస్తది.

ఈ నిబంధనలు ఊకె రాలే. 1984ల న్యూయార్క్‌ల లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి ఆస్పత్రిల చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. అలసిపోయిన రెసిడెంట్లు, పర్యవేక్షణ లేకపోవుడు అన్న చర్చ అక్కడ్నుంచే లేచింది. 1989ల న్యూయార్క్ రాష్ట్రం, 2003ల దేశమంతటా ఏసీజీఎంఈ 80 గంటల పరిమితి తెచ్చినయి. అందుకే ఉన్నది ఉన్నట్టు రాయి. 80 దాటితే కారణం కూడా రాయి. తప్పుడు లెక్క రాస్తే ప్రోగ్రాంకి సమస్య కనపడదు, వచ్చే ఇంటర్న్ కూడా అట్లనే కష్టపడతడు.

భద్రాద్రి_డీఎన్‌బీ
అడగొచ్చో లేదో. నేను ఇండియాలోనే డీఎన్‌బీ (జాతీయ బోర్డు పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నాను, మూడేళ్ళ కోర్సు. మాకు మెడిసిన్, సర్జరీ, పీడియాట్రిక్స్, గైనిక్ ఇలా విడివిడి డిపార్ట్‌మెంట్లలో పోస్టింగులు, ఫ్యామిలీ మెడిసిన్ పేరుతో సొంత వార్డు టీం లేదు. లాగ్‌బుక్, థీసిస్ ఉన్నాయి గానీ "ఈ దశకి ఇది రావాలి" అని ఎవరూ చెప్పరు. ఇక్కడ రాసినవాటిలో మాకేవి పనికొస్తాయి?

విజయవాడ_పీజీవై2
తప్పకుండా అడగొచ్చు. మెడికేర్ సంగతులు వదిలేయండి. ఐ-పాస్ సైన్‌అవుట్‌కి కాగితం, పెన్ను చాలు, మీ డ్యూటీ రూంలో రేపే మొదలుపెట్టవచ్చు. పోస్టింగ్ మొదటి రోజు యూనిట్ చీఫ్‌ని "ఈ రెండు నెలల్లో నేను స్వతంత్రంగా చేయగలగాల్సిన ఐదు పనులు చెప్పండి" అని అడిగి లాగ్‌బుక్ మొదటి పేజీలో రాయించుకోండి. పీడియాట్రిక్స్ అయితే కిలో లెక్కన డోసులు, డీహైడ్రేషన్ ద్రవాల లెక్క, నవజాత శిశువు రిససిటేషన్ లాంటివి. గైనిక్ అయితే పార్టోగ్రాఫ్ (ప్రసవం ఎలా సాగుతుందో గీసే చార్టు), ప్రసవానంతర రక్తస్రావం మొదటి పది నిమిషాలు. పోస్టింగ్ మధ్యలో ఒకసారి వాటి మీద అభిప్రాయం అడగండి. చివరి రోజు అడిగితే సరిదిద్దుకునే సమయం ఉండదు.

తెనాలి_అటెండింగ్
మధ్యలో అడగమన్నది అమెరికాలోనూ అంతే అవసరం. ఇక్కడ క్లినికల్ కాంపిటెన్సీ కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుని మైల్‌స్టోన్ల (దశలవారీగా రావాల్సిన నైపుణ్యాల) మీద స్థాయి వేస్తుంది, ఒకటి నుంచి ఐదు. కమిటీ ముందుకి వెళ్ళేది అటెండింగ్‌లు, నర్సులు, తోటి రెసిడెంట్లు రాసిన మాటలే. రెండో వారం చివర్లో "ఏ ఒక్కటి మారిస్తే నా పని బాగుపడుతుంది?" అని అడిగిన ఇంటర్న్‌కి సూటిగా జవాబు చెబుతాం. "ఎలా చేస్తున్నాను?" అని అడిగితే "బాగానే" అనే జవాబే వస్తుంది.

వెనకబడ్డారని మేం రాసేవి ఎక్కువగా జ్ఞానం గురించి కావు. నిన్నటి నోట్ కాపీ చేసి తేదీ మార్చడం, ఆపేసిన యాంటిబయాటిక్ ఇంకా నడుస్తున్నట్టు మూడు రోజులు నోట్‌లో ఉండటం, పేజ్‌కి జవాబివ్వకపోవడం, నర్సు చెప్పిన మాట పట్టించుకోకపోవడం. ఇవి రాస్తాం.

గోదావరి_గట్టు
చివరిగా ఒక్కటి. తెలుగు పేషెంట్ వస్తే నేనే తెలుగులో మాట్లాడవచ్చా, ఇంటర్‌ప్రిటర్‌ని పిలవాలా?

డిశ్చార్జి_డెస్క్
మీ పేషెంట్‌తో మీరు తెలుగులో నేరుగా మాట్లాడే ముందు హాస్పిటల్ భాషా పరీక్ష ఏదైనా పెడుతుందేమో చూడండి, చాలాచోట్ల ఉంటుంది. పాసైతే మీ పేరు పక్కన నమోదవుతుంది. వేరే టీం పేషెంట్‌కి సమ్మతి పత్రం వివరించమని మిమ్మల్ని పిలిస్తే మాత్రం అర్హత ఉన్న మెడికల్ ఇంటర్‌ప్రిటర్‌ని ఫోన్‌లోనో వీడియోలోనో పెట్టించండి. తెలుగుకి దొరుకుతారు, కొన్నిసార్లు కాసేపు ఆగాలి, అంతే. కొడుకునో కోడలినో అనువాదానికి వాడకండి. క్యాన్సర్ మాట అమ్మకి చెప్పకుండా మధ్యలో మార్చేస్తారు, ప్రేమతోనే. ఎవరు అనువదించారో, ఇంటర్‌ప్రిటర్ నంబరుతో సహా నోట్‌లో రాయండి.

నల్గొండ_నైట్‌ఫ్లోట్
ఆ పరీక్ష జులైకి ముందే, ఓరియెంటేషన్ వారంలనే అడిగి రాసెయ్ తమ్మీ. బ్లాక్ మొదలైతే తీరదు.